మిజూర్ కొండ కింద తొమ్మిది ఊళ్ళు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో బల్గేరియా వాయవ్య మూలన, సెర్బియా సరిహద్దును ఆనుకుని ఉన్న చుప్రెనె అనే చిన్న గ్రామీణ మున్సిపాలిటీ గురించి అరపేజీ పరిచయం వేశాం. హైదరాబాద్, సికింద్రాబాద్‌ల నుంచి అనుకున్నదానికంటే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. ఒకే ప్రశ్న నలుగురైదుగురు అడిగినచోట ఒకరి ప్రశ్నే తీసుకున్నాం.

ప్రశ్న: దాన్ని మున్సిపాలిటీ అన్నారు. మళ్ళీ అందులో ఒక్క పట్నం కూడా లేదన్నారు. పట్నం లేకుండా మున్సిపాలిటీ ఏమిటి?
(పోటీ పరీక్షల అభ్యర్థి, చిక్కడపల్లి)

జవాబు: తప్పు మాదే, ఇంగ్లిష్ మాటను అలాగే దింపేశాం. బల్గేరియన్‌లో ఆ మాట ‘ఒబ్ష్టినా’. మనకు మున్సిపాలిటీ అనగానే పట్టణం, పురపాలక సంఘం, నల్లా బిల్లు గుర్తొస్తాయి. ఒబ్ష్టినా అలాంటిది కాదు. కొన్ని ఊళ్ళు, వాటి పొలాలు, అడవులు, కొండలు అన్నీ కలిపిన ముక్క అది. దేశంలో ఏ చదరపు గజమూ ఏదో ఒక ఒబ్ష్టినాలో పడకుండా పోదు. మన మాటల్లో దగ్గరిది ‘మండలం’. ఇక్కడి నుంచి మేమూ మండలం అనే రాస్తాం.

తేడా ఒకటుంది. మన మండలానికి పైన జిల్లా పరిషత్తు, కింద గ్రామ పంచాయతీ, మూడుచోట్లా ఎన్నికలు. అక్కడ స్థానిక పాలనకు అసలు మెట్టు మండలమే. దాని పెద్దను ‘క్మెత్’ అంటారు, జనం నేరుగా నాలుగేళ్ళకు ఎన్నుకుంటారు. పక్కన ఎన్నికైన మండలి ఉంటుంది. జనాభా 5,000 లోపైతే అందులో 11 మంది సభ్యులు. పైన ‘ఓబ్లస్త్’, అంటే జిల్లా. దాని గవర్నరును ప్రభుత్వం నియమిస్తుంది, ఎన్నికైన జిల్లా మండలి ఉండదు. కలెక్టరును తలచుకుంటే సరిపోతుంది. కొంచెం పెద్ద ఊరైతే తన క్మెత్‌ను తానే ఎన్నుకుంటుంది. మరీ చిన్న ఊరైతే మండల క్మెత్ ఒక ప్రతినిధిని పంపుతాడు.

లెక్కలు: జిల్లాలు 28, మండలాలు 265. పాత పుస్తకాల్లో మండలాలు 264 అని ఉంటుంది. 2015లో సార్నిత్సా వేరుపడడంతో ఒకటి పెరిగింది. ఇంకా పాత పుస్తకమైతే చుప్రెనెను మిహైలొవ్‌గ్రాద్ జిల్లాలో చూపిస్తుంది. 1987లో 28 జిల్లాలను కలిపి తొమ్మిది పెద్ద జిల్లాలు చేశారు, 1999లో మళ్ళీ విడదీశారు. ఆ మధ్య 1993లో మిహైలొవ్‌గ్రాద్ పేరు మోంటానాగా మారింది. పరీక్షకు రాసేటప్పుడు చుప్రెనె ఇప్పుడు విదిన్ జిల్లాలో ఉందని రాయండి.

ప్రశ్న: పిల్లల చేత బోర్డు మీద ఈ మండలం పటం గీయించాలి. హద్దులు, కొండలు, నదులు సులువుగా గుర్తుండేలా చెప్పండి.
(భూగోళం ఉపాధ్యాయిని, తార్నాక)

జవాబు: ముందు దేశం పరిమాణం. బల్గేరియా విస్తీర్ణం సుమారు 1,11,000 చదరపు కిలోమీటర్లు. తెలంగాణది 1,12,077. రెండూ ఇంచుమించు ఒకటే కాబట్టి పిల్లలకు వేరే పోలిక అక్కర్లేదు. జనం సంగతే వేరు. 2021 జనగణన ప్రకారం బల్గేరియా మొత్తం జనాభా 65,19,789. 2011లో ఒక్క జీహెచ్ఎంసీలోనే 67 లక్షల పైచిలుకు.

ఇక పటం. బోర్డుకు ఎడమ పైమూలన విదిన్ జిల్లా వస్తుంది. దానికి ఉత్తరాన, తూర్పున డాన్యూబ్ నది. అవతలి గట్టు రొమేనియా. పడమట సెర్బియా. జిల్లాకు దక్షిణపు అంచున, వాయవ్యం నుంచి ఆగ్నేయానికి ఏటవాలుగా ఒక గీత గీయించండి. అది స్తారా ప్లానినా పర్వతాల పశ్చిమ భాగం. ఆ గీతే సెర్బియాతో సరిహద్దు. గీత మీద ఒక చుక్క పెట్టి మిజూర్ శిఖరం అని రాయించండి. ఎత్తు 2,169 మీటర్లు, కొన్ని పటాల్లో 2,168 అని ఉంటుంది. పశ్చిమ స్తారా ప్లానినాలో దానికంటే ఎత్తైనది లేదు. ఆ చుక్కకు ఈశాన్యంగా జారే వాలే చుప్రెనె మండలం. వాయవ్యంగా బెలొగ్రాద్చిక్ మండలం, ఈశాన్యంగా రుజింత్సి, ఆగ్నేయంగా మోంటానా జిల్లాలోని చిప్రొవ్‌త్సి.

చుప్రెనె, చిప్రొవ్‌త్సి ఒకటి కాదు. పక్కపక్కనే ఉండి పేర్లు కూడా దగ్గరగా ఉండడంతో చాలామంది తికమకపడతారు. తివాచీలకు పేరున్నది చిప్రొవ్‌త్సి. ఆ తివాచీల నేత 2014లో యునెస్కో జాబితాకెక్కింది. మాకొచ్చిన ఉత్తరాల్లో రెండు చుప్రెనె తివాచీల గురించి అడిగాయి!

నదిని పై నుంచి కిందికి గీయించాలి. లోమ్ నది ఈ కొండల్లోనే పుట్టి సుమారు 92 కిలోమీటర్లు ఈశాన్యంగా ప్రవహించి, లోమ్ పట్టణం దగ్గర డాన్యూబ్‌లో కలుస్తుంది. పిల్లలు సాధారణంగా చేసే పొరపాటు నదిని సెర్బియా వైపు మళ్ళించడం. పర్వతపు వెన్ను మీద పడిన వాన అటు సగం, ఇటు సగం పోతుంది. మండలంలో పడిన వాన ఇటే వస్తుంది.

విస్తీర్ణం సుమారు 330 చదరపు కిలోమీటర్లు. హైదరాబాద్ జిల్లా 217. అంటే మన జిల్లాకు ఒకటిన్నర రెట్లు. ఉత్తరాన గుట్టలు, మధ్యలో నదీ లోయలు. ఊళ్ళన్నీ ఆ లోయల్లోనే. దక్షిణాన దట్టమైన అడవి, దాని పైన చెట్టులేని పచ్చిక కొండలు. అడవిలో కొంతభాగం చుప్రెనె అభయారణ్యం. స్ప్రూస్ అనే సూదాకుల చెట్లకు పేరున్న ఈ అడవిని యునెస్కో 1977లో జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించింది.

ప్రశ్న: ఊళ్ళ పేర్లు పలకడం రావట్లేదు. ‘బొస్తానితె’లో మన బోస్తాన్ ఉన్నట్టుంది, నిజమేనా?
(మెహదీపట్నం నుంచి)

జవాబు: నిజమే. పారసీ మాట, తుర్కుల చేతుల మీదుగా అటు బాల్కన్లకూ ఇటు దక్కనుకూ చేరింది. ఉర్దూలో తోట, బల్గేరియన్‌లో పుచ్చకాయల పాదు. చివరి ‘తె’ పేరులో భాగం కాదు, ఇంగ్లిష్‌లో మాట ముందు వచ్చే ‘ది’ లాంటిది. బల్గేరియన్‌లో అది మాట తోకకు అతుక్కుంటుంది. మన మొహల్లా కూడా అక్కడ ఉంది. అదే విదిన్ జిల్లాలో షిపికొవా మహలా అనే ఊరు ఉంది.

తొమ్మిది ఊళ్ళు ఇవి: చుప్రెనె, గోర్ని లోమ్, దోల్ని లోమ్, తర్గోవిష్టె, వర్బొవొ, రెప్లియానా, ప్రొతొపొపింత్సి, స్రెదొగ్రివ్, బొస్తానితె. ‘గోర్ని’ అంటే ఎగువ, ‘దోల్ని’ అంటే దిగువ. ఎగువ అహోబిలం, దిగువ అహోబిలం అన్నట్టే. తర్గోవిష్టె అంటే సంత జరిగే చోటు. వర్బొవొలో ఉన్న ‘వర్బా’ ఒక జాతి నీటిగట్టు చెట్టు, ఇంగ్లిష్‌లో విల్లో అంటారు.

పలకడానికి తెలుగువాళ్ళకు ఉన్న సౌకర్యం ఇంగ్లిష్‌వాళ్ళకు లేదు. ఇంగ్లిష్ అక్షరాల్లో ‘టీఎస్’ అని కనిపించేది చలి, చాపల్లోని దంత్య చకారమే. దాదాపు అదే ధ్వని. ‘డీజెడ్ హెచ్’ అని కనిపించేది మామూలు జకారం. అందుకే మిజూర్. మిడ్జుర్, మిడ్‌ఝుర్ అని పత్రికల్లో రాస్తున్నవి అక్షరాలు చూసి రాసినవి, చెవితో విని రాసినవి కావు. త, ద అక్షరాలను కూడా ట, డలుగా మార్చకండి.

ఒక హెచ్చరిక. తర్గోవిష్టె అని వెతికితే ముందు వచ్చేది ఈశాన్య బల్గేరియాలోని జిల్లా కేంద్రం. వర్బొవొలూ ఒకటికి మించి ఉన్నాయి. మన దగ్గర రామాపురాలు, కొత్తపల్లిలు ఎన్ని ఉన్నాయో లెక్కేసుకుంటే ఆశ్చర్యం ఉండదు. ఈ చిక్కు కోసమే అక్కడ ప్రతి ఊరికీ ‘ఎకత్తె’ అనే ఐదంకెల సంఖ్య ఇచ్చారు. సోఫియా నగరానిది 68134. పట్టిక తయారుచేస్తే పేరును నమ్ముకోకుండా ఈ సంఖ్యను మొదటి గడిలో పెట్టుకోండి. దీన్ని అంకెగా కాకుండా అక్షరాలుగా నమోదు చేయాలి. లేకపోతే సున్నాతో మొదలయ్యే సంఖ్యల్లో ఆ సున్నాను కంప్యూటరు మింగేస్తుంది.

ప్రశ్న: ఒకే ఏడాదికి ఇదే మండలం జనాభా మూడు రకాలుగా కనిపించింది. దేన్ని నమ్మాలి?
(డేటా ఉద్యోగి, కూకట్‌పల్లి)

జవాబు: మూడూ నమ్మదగ్గవే. మూడూ వేరువేరు మనుషులను లెక్కపెడుతున్నాయి.

ఒకటి జనగణన, జాతీయ గణాంక సంస్థ చేసేది. ఆ రోజుకు మామూలుగా అక్కడ నివసిస్తున్నవాళ్ళ లెక్క ఇది. కిందటిది 2021 సెప్టెంబరు 7వ తేదీ నాటి పరిస్థితికి జరిగింది. రెండోది అదే సంస్థ ఏటా డిసెంబరు 31కి ఇచ్చే అంచనా. పోయిన లెక్కకు పుట్టినవాళ్ళను కలిపి, చనిపోయినవాళ్ళను తీసి, వలసలను సవరించి చెబుతుంది. మూడోది పౌర నమోదు శాఖ మూడు నెలలకోసారి వేసే పట్టిక. అది చిరునామాల లెక్క.

ఈ మూడోదే అందరినీ ముంచుతుంది. ప్రతి పౌరుడికీ రెండు చిరునామాలు: శాశ్వతం, ప్రస్తుతం. కూకట్‌పల్లిలో ఫ్లాటు, ఓటు మాత్రం సొంతూళ్ళో ఉన్నవాళ్ళను మీరు ఎరుగుదురు. సంక్రాంతికి నగరం ఎంత ఖాళీ అవుతుందో చూస్తే ఆ చిరునామాల బలం తెలుస్తుంది. సోఫియాలోనో స్పెయిన్‌లోనో ఇరవై ఏళ్ళుగా ఉంటున్నవాడి శాశ్వత చిరునామా తాతల ఇల్లే కావచ్చు. పైగా స్థానిక ఎన్నికలకు ముందు చిన్న ఊళ్ళలో చిరునామాలు పెరగడం, తనిఖీ చేసి కొన్నింటిని కొట్టేయడం అక్కడ మామూలే. ఆ పట్టికలో శాశ్వతం, ప్రస్తుతం కాక మూడో గడి కూడా ఉంటుంది: రెండూ అదే ఊళ్ళో ఉన్నవాళ్ళు. కాగితం మీదే అయినా, ఊరినే నమ్ముకుని ఉన్నవాళ్ళ సంఖ్యకు అది దగ్గరగా ఉంటుంది.

గ్రాఫు గీసేవాళ్ళకు ఇంకో గుంట. 2020 డిసెంబరు 31కి దేశ జనాభా అంచనా 69,16,548. తొమ్మిది నెలలు తిరక్కముందే జనగణనలో 65,19,789. దాదాపు 4 లక్షల తేడా. కోవిడ్ చావులు ఎక్కువే, కానీ తేడా అంతా దానిది కాదు. విదేశాలకు వెళ్ళినవాళ్ళు తమ పేరు తీయించుకోరు. అందుకని పదేళ్ళపాటు అంచనాలో ఉండిపోయినవాళ్ళు జనగణన రోజున ఒక్కసారిగా మాయమయ్యారు. కాబట్టి 2020ని, 2021ని కలిపి గీత గీసి ‘ఒక్క ఏడాదిలో కూలిపోయింది’ అని రాయకండి. జనగణనను జనగణనతోనే పోల్చండి. విదిన్ జిల్లాలో 2011లో 1,01,018 మంది, 2021లో 75,408 మంది. పదేళ్ళలో నాలుగో వంతు తగ్గారు. 28 జిల్లాల్లో అంత వేగంగా తగ్గింది మరొకటి లేదు.

చుప్రెనె మండలంలో ఇప్పుడు రెండు వేల లోపే. చదరపు కిలోమీటరుకు ఆరుగురు లోపే. హైదరాబాద్ జిల్లాలో 2011లోనే పద్దెనిమిది వేలు దాటారు. అయితే ఈ ‘ఆరుగురు లోపు’ కూడా సగటే. మనుషులుండేది లోయల్లో, కొండ మీద ఎవరూ ఉండరు. అడవి విస్తీర్ణం తీసేసి సాంద్రత కడితే చాలా పెరుగుతుంది. ఏది కట్టారో పటం కింద రాయాలి.

జాతి, మతం, మాతృభాష వివరాలు వాడేవాళ్ళకు ఒక మాట. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పడం తప్పనిసరి కాదు. శాతాలు జవాబిచ్చినవాళ్ళలోంచి కట్టినవి. వాటిని మొత్తం జనాభాతో హెచ్చిస్తే వచ్చేది తప్పుడు సంఖ్య.

ప్రశ్న: నా లెక్కలో ఇలాంటి మండలాల జనన రేటు ఒక ఏడాది రెట్టింపు, మరుసటి ఏడాది సగం అవుతోంది. ఎక్కడ పొరబడుతున్నాను?
(రిటైర్డ్ గణాంక ఉద్యోగి, వనస్థలిపురం)

జవాబు: మీరు పొరబడలేదు, మనుషులే తక్కువ. ఒక ఊహా మండలం తీసుకుందాం. ఏడాది మొదట్లో 1,640 మంది, చివర్లో 1,560. సగటు 1,600. పది మంది పుడితే జనన రేటు వెయ్యికి 6.25. ఒక్క బిడ్డ ఎక్కువ పుట్టినా 0.6 పైకి లేస్తుంది. ఓ ఇంట్లో కవలలు పుడితే పత్రికల్లో ‘జననాలు పుంజుకున్నాయి’ అని శీర్షిక వస్తుంది. అదే మండలంలో 50 మంది పోతే మరణ రేటు 31.25, సహజ పెరుగుదల మైనస్ 25.

మార్గం: ఐదేళ్ళ జననాలు కలిపి, ఐదేళ్ళ సగటు జనాభాల మొత్తంతో భాగించి వెయ్యితో హెచ్చించండి. ఏడాదికో రేటు కట్టి ఆ ఐదు రేట్లకు సగటు తీయకండి, జనాభా తగ్గుతున్నచోట అది కొద్దిగా తప్పుతుంది. భాగించే జనాభాకు చిరునామా పట్టికను వాడకండి, లేనివాళ్ళతో భాగిస్తే రేటు చిన్నదవుతుంది. 31 లాంటి మరణ రేటు చూసి అక్కడేదో రోగం ప్రబలిందనీ అనుకోవద్దు. ముసలివాళ్ళే మిగిలిన ఊళ్ళో అది అంతే ఉంటుంది. వయసు వర్గాలవారీగా సరిచేయకుండా హైదరాబాద్‌తో పోల్చడం న్యాయం కాదు.

ప్రశ్న: ఊళ్ళు ఎందుకు ఖాళీ అయ్యాయి?
(సికింద్రాబాద్ నుంచి)

జవాబు: ఒక్కసారిగా కాలేదు, మూడు దెబ్బలు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కమ్యూనిస్టు ప్రభుత్వం భూములను సహకార క్షేత్రాల్లో కలిపేసింది, పట్నాల్లో కర్మాగారాలు పెట్టింది. కొండ ఊళ్ళో చిన్న చెలక, నాలుగు గొర్రెలున్న కుర్రాడు విదిన్‌లో టైర్లు, కృత్రిమ నూలు తయారుచేసే రసాయన కర్మాగారానికి వెళ్ళిపోయాడు. 1989లో కమ్యూనిస్టు పాలన కూలాక ఆ కర్మాగారాలు మూతపడ్డాయి. అప్పటికి ఊళ్ళో పొలం చేసే అలవాటు పోయింది, పట్నంలో జీతం పోయింది. 2007 జనవరి 1న యూరోపియన్ యూనియన్‌లో చేరాక, 2014లో అక్కడి దేశాల్లో ఉద్యోగాలకు మిగిలిన ఆంక్షలు తొలగాక, చదువుకున్నవాళ్ళూ కూలికి పోయేవాళ్ళూ పడమటి దేశాల దారి పట్టారు.

అసలు నష్టం వెళ్ళినవాళ్ళ సంఖ్యలో లేదు, వాళ్ళ వయసులో ఉంది. ఇరవై ఏళ్ళవాళ్ళు వెళితే వాళ్ళకు పుట్టబోయే పిల్లలూ వెళ్ళినట్టే. పిల్లలు తగ్గితే బడి మూస్తారు, ఉన్న పిల్లలను పెద్ద ఊరి బడికి బస్సులో తీసుకెళతారు. బడి లేని ఊళ్ళో చిన్న పిల్లలున్న కుటుంబం నిలవదు. తర్వాత దుకాణం పోతుంది, రొట్టెల వ్యాను వచ్చే రోజులు మిగులుతాయి. ఇప్పుడు ఎవరూ వెళ్ళకపోయినా జనాభా తగ్గుతూనే ఉంటుంది.

1989 వేసవిలో 3 లక్షలకు పైగా తుర్కు జాతివాళ్ళు దేశం విడిచారన్నది నిజమే. దాన్ని ఈ మండలానికి అంటగట్టకండి. వాళ్ళు ఉన్నది ప్రధానంగా ఈశాన్యంలో, దక్షిణ కొండల్లో.

ప్రశ్న: కొత్త మండలానికి కనీసం 6,000 మంది ఉండాలని చదివాను. మరి దీన్ని ఎందుకు రద్దు చేయలేదు?
(అమీర్‌పేట నుంచి)

జవాబు: మీరు చదివింది 1995 నాటి పరిపాలనా విభాగాల చట్టంలోనిది. 6,000 మంది, మండల కేంద్రానికి ఏ ఊరూ 40 కిలోమీటర్లు మించకపోవడం వగైరా షరతులు కొత్తది పెట్టడానికే. ఉన్నది ఆ గీత కిందికి జారితే తనంతట తానే రద్దు కాదు. సొంత రాబడి, అంటే ఇంటి పన్ను, చెత్త రుసుము, అడవి, పచ్చిక కౌళ్ళు చాలవు కాబట్టి, రాబడి తక్కువున్న మండలాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే సమతుల్యపు గ్రాంటు మీద నడుస్తుంది. కలిపేస్తే ఖర్చు తగ్గుతుందన్న వాదన మాకు పూర్తిగా నచ్చదు. కాగితం కోసం ముసలివాళ్ళు ఇంకో కొండ దాటాలి.

ప్రశ్న: అక్కడ ఇళ్ళు కారు ధరకే వస్తున్నాయని వీడియోల్లో చూశాం. ఇక్కడివాళ్ళు కొనొచ్చా?
(మల్కాజ్‌గిరి నుంచి)

జవాబు: ఇల్లు కొనొచ్చు, దాని కింది నేల కొనలేరు. యూరోపియన్ యూనియన్ బయటి దేశాల పౌరులు వారసత్వంగానో, ప్రత్యేక అంతర్జాతీయ ఒప్పందం ఉంటేనో తప్ప అక్కడ భూమికి యజమానులు కావడం రాజ్యాంగం ప్రకారం కుదరదు. అపార్ట్‌మెంటులో ఫ్లాటైతే ఇబ్బంది లేదు. పల్లెటూరి ఇల్లంటేనే పెరడు, అక్కడే ఆగుతుంది. అందుకే ఏజెంట్లు అక్కడే ఒక కంపెనీ రిజిస్టరు చేయించి దాని పేరున కొనిపిస్తారు. దానికి ఏటా లెక్కలు, అకౌంటెంటు ఖర్చు. వ్యవసాయ భూమికి నిబంధనలు ఇంకా బిగువు. ఇల్లు కొన్నంత మాత్రాన అక్కడ ఉండిపోయే హక్కూ రాదు.

అయినా చూస్తామంటే మూడు కాగితాలు అడగండి. రిజిస్ట్రేషన్ సంస్థ ఇచ్చే భారాల ధ్రువపత్రం, ఇది మన ఈసీనే. సర్వే శాఖ ఇచ్చే స్థలపటం. మండలం ఇచ్చే పన్ను విలువ పత్రం. స్థలపటంలో చూడాల్సింది ఇల్లు ఊరి నివాస హద్దులో ఉందా లేదా అన్నది. మన గ్రామకంఠం లోపలా, పట్టా పొలంలోనా అన్న ప్రశ్నే. బేరాలు ఎక్కువగా చెడేది వారసుల దగ్గర. తాత పోయాక పంపకాలు కాక, ఎనిమిది మంది వారసులు నాలుగు దేశాల్లో ఉంటే అందరి సంతకాలూ నోటరీ ముందు పడాలి. ధర తక్కువగా ఉండడానికి తరచూ కారణం అదే. ఇక్కడి నుంచి డబ్బు పంపడానికి రిజర్వు బ్యాంకు పరిమితి మనిషికి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్లు. కంపెనీ దారిలో వెళితే ఇక్కడ వేరే నిబంధనలు కూడా వర్తిస్తాయి, ముందే సీఏను అడగండి.

ప్రశ్న: మిజూర్ ఎక్కాలని ఉంది. ఎలా వెళ్ళాలి, ఏం జాగ్రత్త?
(ట్రెక్కింగ్ బృందం, సైనిక్‌పురి)

జవాబు: బల్గేరియా 2025 జనవరి 1 నుంచి పూర్తిగా షెంజెన్‌లో, అంటే యూరప్ దేశాల ఉమ్మడి వీసా ప్రాంతంలో ఉంది కాబట్టి షెంజెన్ వీసా తీసుకోవాలి. 2026 జనవరి 1 నుంచి డబ్బు యూరో, పాత లేవాలు పట్టుకెళ్ళకండి. సోఫియా నుంచి విదిన్ వెళ్ళే రైలెక్కి ఒరెషెత్స్ స్టేషనులో దిగాలి. అక్కడి నుంచి రోడ్డు మీద బెలొగ్రాద్చిక్. ఎర్రటి ఇసుకరాతి శిలలు, వాటి మధ్య కోట ఉన్న ఊరు అది. బస ఉండేదీ అక్కడే, ఒక పూట ఆగడం నష్టం కాదు. చుప్రెనె వైపు బస్సులు చాలా తక్కువ. బస చేసినచోట అడిగి టాక్సీ ముందే మాట్లాడుకోండి, తిరుగు ప్రయాణానికీ అప్పుడే ఒప్పించుకోండి. నడక గోర్ని లోమ్ వైపు నుంచో చుప్రెనె వైపు నుంచో.

జూలై నుంచి సెప్టెంబరు దాకా అనుకూలం. జూన్ మొదట్లో పైన మంచు మిగిలి ఉండొచ్చు. పైభాగం చెట్టు లేని పచ్చిక కాబట్టి మధ్యాహ్నం పిడుగులకు చాటు దొరకదు. తెల్లవారుజామున బయల్దేరి ఒంటిగంట లోపు దిగడం మొదలుపెట్టాలి. మంద కనిపిస్తే దగ్గరికెళ్ళి ఫోటోలు తీయకండి. కాపలా కుక్కలు పెద్దవి, గొర్రెల కాపరి కేకేసేదాకా ఆగి చుట్టు తిరిగి వెళ్ళండి.

అన్నిటికంటే ముఖ్యమైనది పాస్‌పోర్టు. శిఖరం మీదుగా వెళ్ళేది దేశ సరిహద్దు, షెంజెన్ వెలుపలి హద్దు కూడా. అవతలివైపు దారి సులువుగా కనిపించినా సెర్బియాలోకి దిగకండి. అక్కడ చెక్‌పోస్టు ఉండదు, దేశం మాత్రం మారిపోతుంది. ఒకసారి ప్రవేశానికే ఇచ్చిన వీసాతో వెళ్ళినవాళ్ళు అలా దిగితే తిరిగి ఎక్కే హక్కు కూడా పోతుంది. ఫోను సెర్బియా సిగ్నలు పట్టి రోమింగ్ బిల్లు పేలొచ్చు కాబట్టి కొండెక్కేముందే నెట్‌వర్క్‌ను చేత్తో ఎంచుకుని పెట్టుకోండి. పటం డౌన్‌లోడ్ చేసుకునే వెళ్ళండి, ఊళ్ళ పేర్లు బల్గేరియన్ లిపిలో ఉన్నదైతే దారి బోర్డులతో సరిపోతుంది.